కంపునల్లులను గుర్తించుటయు, వానిని గృహములలోనికి రానీయకుండుటయు

(ఖరగ్‌పూర్ రైల్వే పట్టణమును ఉదాహరణముగ గైకొని, మునిసిపల్, తాలూకా అధికారుల యుపయోగార్థము)

1. విషయము

వరి పాలుపోసుకొను దినములలో, అనగా ఆశ్వయుజ కార్తీక మాసములయందు, పైరుపొలములకు సమీపముననుండు పట్టణములలో దీపములు వెలిగిన గడియలోపలనే గోడలమీదను, దోమతెరలమీదను, భోజనపు పళ్లెములలోను పురుగులు వ్రాలుట అందఱు నెఱిగినదే. వానిలో కొన్నింటిని తాకినంతనే దుర్గంధము వెడలును. ఈ కంపుపురుగులు మనుష్యునకు అంటువ్యాధులను తెచ్చునవి కావు. సామాన్యముగ కుట్టునవియు కావు. అయినను వీనిని గూర్చి ఫిర్యాదులు వచ్చుట సహజము. ఆ ఫిర్యాదులను తప్పుగ గ్రహించి చేయు చికిత్సవలన కలుగు కీడు, పురుగులవలన కలుగు కీడుకంటె మిక్కిలి యెక్కువ. ఆ పొరపాటును నివారించుటయే ఈ వ్యాసము యొక్క ముఖ్యోద్దేశము.

2. పేరువలన కలుగు పొరపాటు

తెలుగున "నల్లి" యనుమాట యొక్క జీవికి మాత్రమే చెల్లునది కాదు. మంచపు కీళ్లలో దాగి రాత్రులయందు రక్తము పీల్చునది నల్లి. వరికంకిమీద వ్రాలి గింజలోని పాలు పీల్చునది కంపునల్లి. మిరప, వంగ మొదలగు మొక్కల ఆకులమీద కంటికి కనబడీ కనబడనంతగ నుండు ఎఱ్ఱనల్లియు నల్లియే; అది ఎనిమిది కాళ్లుగలదగుటచే కీటకజాతిలో చేరినదైనను కాదు. వంగభాషలో ఈ చిక్కు లేదు. ఆ భాషయందు మంచపు నల్లిని ఛార్‌పోకా యనియు, వరి కంపునల్లిని గంధిపోకా యనియు వేఱువేఱు పేళ్లతో పిలుతురు.

ఖరగ్‌పూర్ వంటి పట్టణమున ఈ భేదము అల్పమైనది కాదు. 1887వ సంవత్సరమున నేర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ వారి జంక్షనును, కర్మాగారమును ఆశ్రయించి ఈ యూరు పెరిగినది. నాటి గంజాము, విశాఖపట్టణము జిల్లాల నుండి అనేక తెలుగు కుటుంబములు కొలువులకై వచ్చి యిచ్చట స్థిరపడినవి. ఆ రైల్వే 1944వ సంవత్సరమున ప్రభుత్వాధీనమైనది. 1955వ సంవత్సరము నుండి ఖరగ్‌పూర్ ఆగ్నేయ రైల్వేలో చేరియున్నది. తెలుగు, వంగ, హిందీ, ఒరియా భాషలు మాటలాడువారు నేటికిని ఒకే వరుస క్వార్టర్లలో నివసించుచున్నారు. తెలుగు గృహిణి "ఇంటినిండ నల్లులు" అని చెప్పిన మాట ఫిర్యాదు పుస్తకములోనికి వంగభాషలోనో హిందీలోనో ఎక్కునప్పుడు, అది మంచపు నల్లిగ మాఱుటకు ఎంతయో కాలము పట్టదు. "కంపు" అను తొలిమాట జాఱిపోయిన పిదప మిగిలినది ఛార్‌పోకా, లేక ఖట్మల్.

దాని ఫలము ఊహింపదగినదే. మందుచల్లు నౌకరు వచ్చి మంచములను, పరుపులను తడిపిపోవును. మఱునాటి సాయంకాలము కిటికీలోనుండి పురుగులు ఎప్పటివలెనే వచ్చును. ఇంటివారు ప్రభుత్వపు మందునకు శక్తిలేదని తలచి, పొలములకు కొట్టు విషమును తామే కొనితెచ్చి పడకగదిలో చల్లుదురు. అంతకంటెను ఘోరమైనది ధాన్యపు గిడ్డంగులలో వాడు అల్యూమినియం ఫాస్ఫైడు మాత్రలను ఇండ్లలో నుంచుట. గాలిలోని తేమ తగిలినంతనే ఆ మాత్రలనుండి ఫాస్ఫీను అను ప్రాణాంతకమగు వాయువు పుట్టును. అది తలుపుల సందులగుండ ప్రక్క యింటికిని ప్రాకును. నల్లులను చంపుటకై ఈ మాత్రలను వాడి మనుష్యులు, అందును పసిపిల్లలు, మరణించిన సంఘటనలు మన దేశమున ఒకటికంటె నెక్కువసార్లు జరిగినవి. ఒకే గోడకు ఇరువైపుల రెండు కుటుంబములు నివసించు క్వార్టర్లలో ఈ ప్రమాదము నిబ్బడి యగును.

3. గుర్తించు విధము

కావున ఫిర్యాదులోని పేరును నమ్మక, పురుగును తెప్పించి చూడవలెను. ఈ దినములలో ఇండ్లయందు కనబడునవి ముఖ్యముగ ఈ క్రిందివి.

(అ) ఆకుపచ్చ కంపుపురుగు. — ఇది డాలు ఆకారము గలది. పొడవు సుమారు 12 మొదలు 17 మిల్లీమీటర్లు. వీపుమీద రెక్కల మొదళ్ల నడుమ పెద్ద ముక్కోణపు పెంకు కనబడును. ముందురెక్కల పూర్వార్ధము దళసరిగను, ఉత్తరార్ధము పలుచని పొరవలెను ఉండును. తల క్రిందుగ మడిచిన సూదివంటి నోరు కలదు. అది మొక్కల రసము పీల్చుటకు ఏర్పడినది. చిక్కుడు, టమాటా మొదలగు వానిపై నివసించి, ఆకుల అడుగున గ్రుడ్లను తేనెపట్టు గదులవలె వరుసలు దీర్చి పెట్టును.

(ఆ) వరి కంపునల్లి. — సన్నగ, పొడవుగ నుండును. పొడవు సుమారు 15 మొదలు 20 మిల్లీమీటర్లు. కాళ్లును, మీసములును శరీరమునకు మించినంత పొడవుగ కనబడును. వర్ణము పచ్చన కలిసిన గోధుమరంగు. ఇది పాలుపీల్చిన గింజ తాలు పోవును. డాలుపురుగుల కుటుంబమునకు దాయాదియే గాని అందు చేరినది కాదు.

(ఇ) చిక్కుడు పురుగు. — 6 మిల్లీమీటర్లకు మించక, గుండ్రముగ, పెసరగింజవలె నుండును. చిక్కుడు తీగల లేత కాడలమీద గుత్తులుగ కూడి, చేయి తగిలినంతనే కంపు విడుచును. పెరటిలో చిక్కుడు పందిరి గల ప్రతి గృహిణియు దీని నెఱుగును.

(ఈ) మంటిలో నుండు నల్ల కంపుపురుగు. — చిన్నది, నల్లగనో ముదురు గోధుమరంగుగనో నిగనిగలాడుచుండును. భూమిలో వేళ్ల రసము పీల్చి బ్రతుకును. వానలు పడిన రాత్రులయందు దీపములకు వచ్చును. ఈ జాతిలో కొన్నింటి స్రావము అంటినచోట చర్మముమీద గోధుమరంగు మచ్చలు పడును. నొప్పియు దురదయు సాధారణముగ లేకుండ, ఒక్కరాత్రిలో పుట్టి సబ్బునకు పోని ఈ మచ్చలను చూచి తలిదండ్రులు మిక్కిలి భయపడుదురు. మన దేశపు చర్మవైద్యులు వీనిని వర్ణించియున్నారు. ఇవి రోగము కావు, అంటునవి కావు, కొలది దినములలో తామే మాయమగును.

(ఉ) మంచపు నల్లి. — దీనికి ఎగురు రెక్కలు లేవు. కావున దీపమునకు ఎగిరివచ్చినది ఏదియైనను మంచపు నల్లి కాదు. పొడవు సుమారు 5 మిల్లీమీటర్లు, బల్లపరుపుగ నుండు ఎఱుపుకలిసిన గోధుమరంగు శరీరము. మంచపు కీళ్లలోను, పరుపు కుట్లలోను నల్లని చుక్కలును, విడిచిన పొట్టులును దీని యునికిని తెలుపును. నలిపిన ఇదియు కంపుకొట్టును. కంపును బట్టి మాత్రమే నిర్ణయింపరాదనుటకు ఇదియే కారణము.

(ఊ) చీమవంటి విషపు పెంకుపురుగు. — 7 మొదలు 10 మిల్లీమీటర్ల పొడవు, నారింజ నలుపు రంగుల పట్టెలు, నడుమ నీలిపచ్చని పొట్టి రెక్కలు గలది. ఇది కుట్టదు, కంపుకొట్టదు. కాని ఒంటిమీద నలిపినచో దాని రక్తములోని విషము చర్మమును కాల్చి, ఒకటి రెండు దినములకు పొక్కులు లేపును. 2022వ సంవత్సరపు వర్షకాలమున సిక్కింనందును, ఉత్తర వంగమందును అనేకులు దీనిచే బాధపడిరి.

ఇవిగాక, శ్యామాపూజ దినములలో లెక్కకు మించి దీపములపై వ్రాలు మిక్కిలి చిన్న ఆకుపచ్చ పురుగును వంగీయులు శ్యామాపోకా యందురు. తెలుగు రైతులు పచ్చదీపపు పురుగు అనునది యిదియే. దీనికి కంపు లేదు.

పై వానిలో నాల్గింటి కంపునకు మూలము ఒక్కటే. పెరిగిన పురుగునకు ఱొమ్ము అడుగున, వెనుకకాళ్ల దగ్గఱ గంధగ్రంథులు కలవు. పక్షులు మొదలగు శత్రువులు పట్టినప్పుడు వానినుండి స్రావము వెలువడును. అందలి ద్రవ్యములలో కొన్ని కొత్తిమీరయందును కలవు. కొందఱికి కొత్తిమీర నల్లికంపు కొట్టుననుట కేవలము వెక్కిరింత కాదు.

4. ఇండ్లలోనికి వచ్చుటకు కారణము

శీతల దేశములయందు కంపుపురుగులు ఇండ్లలో దూరుట చలినుండి తప్పించుకొనుటకు. తూర్పు ఆసియాకు చెందిన గోధుమరంగు కంపుపురుగు ఒకటి సరకులతోబాటు అమెరికా చేరి, 1998వ సంవత్సరమున పెన్సిల్వేనియా రాష్ట్రమందలి ఆలెన్‌టౌనున మొదట పట్టుబడినది. తరువాత వేల కొలదిగ ఇండ్ల అటుకలలో శీతకాలము గడపజొచ్చెను. మన చిక్కుడు పురుగును 2009వ సంవత్సరమున అమెరికాలోని జార్జియా రాష్ట్రమున కనబడి, అచ్చట ఇండ్ల గోడలను కప్పివేసినది. మన పెరటిలో పందిరి దాటని పురుగు అచ్చట చలికి వెఱచి గడప దాటినదన్నమాట.

ఖరగ్‌పూర్‌న అట్టి చలి లేదు. ఇచ్చట పురుగును పిలుచునది దీపము. పట్టణమునకు ఉత్తరమున కంసావతీనది ప్రవహించుచున్నది. చుట్టును వరిపొలములు కలవు. నడుమ రాత్రి యెల్ల వెలుగు యార్డులు, కర్మాగారము, 1072.5 మీటర్ల పొడవుతో ఒకప్పుడు ప్రపంచమున దీర్ఘతమమని పేరుగాంచిన ప్లాట్‌ఫారము ఉన్నవి. చీకటి పొలము నడుమ నున్న ఇట్టి వెలుగునకు పురుగులు ఆకర్షింపబడుట వింత కాదు. దీపకాంతిలో ఊదా, నీలి కిరణములు ఎంత యెక్కువగ నున్న అంత ఎక్కువగ పురుగులు వచ్చును. పసుపు, నారింజ వర్ణపు కాంతికి తక్కువగ వచ్చును. కావున పరదేశపు గ్రంథములలో చెప్పినట్లు శరదృతువున అటుకను మూసినంత మాత్రమున ఇచ్చట ప్రయోజనము లేదు. సాయంకాలము దీపమును, కిటికీని సవరింపవలెను.

5. రాకుండ నాపు విధములు

దీపము. — ప్రొద్దుగ్రుంకినది మొదలు మొదటి రెండు మూడు గంటలు ముఖ్యమైనవి. ఆ వేళ వరండా దీపమును ఆర్పవలెను. ఆర్ప వీలులేనిచో తెల్లని దీపమునకు మాఱుగ పసుపుపచ్చనిది పెట్టవలెను. దీపము వాకిటి తలుపునకు పైననుండుటకంటె కొంత దూరమున, కాంతి క్రిందికి పడునట్లు అమర్చుట మేలు. గదిలో దీపము వెలిగించుటకు ముందే కిటికీ మూయవలెను, లేదా తెరవేయవలెను.

జాలి. — దోమలను ఆపు సన్నజాలి పై పురుగుల నన్నింటిని ఆపును. పాత ఇండ్లలో గాలికై గోడల పైభాగమున విడిచిన రంధ్రములకును దీనిని బిగింపవలెను. కిటికీకి జాలి వేసి రంధ్రమును విడిచిన శ్రమ వ్యర్థము. తలుపు క్రింది సందునకు రబ్బరు పట్టీగాని, చుట్టిన గుడ్డగాని చాలును. కిటికీ చట్రమునకును గోడకును నడుమ బీటలను సున్నముతోగాని సిమెంటుతోగాని పూడ్పవలెను.

పెరడు. — చిక్కుడు పందిరిని కిటికీని ఆనుకొని వేయక కొంత ఎడముగ వేయవలెను. వారమున కొకసారి ఆకుల అడుగు పరీక్షించి, గ్రుడ్లున్న ఆకులను త్రుంచి సబ్బునీటిలో వేయవలెను. ఆరవేసిన బట్టలను ప్రొద్దుగ్రుంకకమున్నే తీసి, దులిపి లోనికి తేవలెను. గోడనంటి పెరిగిన గడ్డిని కోయింపవలెను.

లోనికి వచ్చిన వానిని తొలగించుట. — ఏ పురుగునైనను ఒంటిమీదగాని గోడమీదగాని నలుపరాదు. కంపుపురుగు నలిగిన కంపు, విషపు పెంకుపురుగు నలిగిన పొక్కు. ఒంటిమీద వ్రాలినదానిని ఊదిగాని, కాగితముతోగాని తొలగించి, ఆ చోటును సబ్బుతో కడుగవలెను. గోడమీది పురుగునకు క్రిందుగ సబ్బునీటి గిన్నె పట్టి, కాగితముతో త్రోసిన అది నీటిలో పడి చచ్చును. నేలమీది వానిని మెత్తని చీపురుతో చేటలోనికి ఎత్తవలెను. స్రావము కంటిలో పడినచో శుభ్రమైన నీటితో చాలసేపు కడిగి, మంట తగ్గనిచో వైద్యునకు చూపవలెను.

6. మందులనుగూర్చి

ఇంటిలో చల్లిన మందు ఆ పూట వచ్చిన పురుగులను చంపవచ్చును. పొలముననున్న వానిని చంపదు. మఱునాడు వేఱు పురుగులు వచ్చును. మందు మాత్రము నేలమీదను, పడకలమీదను, పాత్రలమీదను నిలిచి, ప్రాకెడు పసివాని చేతికి అంటును. కావున కంపుపురుగులకై గదులలో మందు చల్లుట అనవసరము. వరిపైరుపై కంపునల్లి మితిమీరినచో అది వ్యవసాయశాఖవారు చూడవలసిన పని. మందు అవసరమా కాదా యని వారు పైరును చూచి నిర్ణయింతురు.

మంచపు నల్లియని నిర్ధారణ యైనచో చికిత్స వేఱు. మంచమును విప్పి కీళ్లలో మసలుచున్న నీరు పోయుట, బట్టలను వేడినీట ఉడికించుట, పరుపు కుట్లను శోధించుట మొదట చేయవలెను. 50 డిగ్రీల సెంటిగ్రేడునకు మించిన వేడి తగినంతసేపు తగిలిన నల్లియు గ్రుడ్డును చచ్చును. అనేక స్థలములందలి నల్లులు వాడుకలోనున్న మందులకు లొంగకుండుట చేతను వేడినే నమ్ముట మేలు. మందు తప్పనిసరియైనచో, గృహోపయోగమునకు అనుమతింపబడినదానిని, శిక్షితుడగు మనుష్యుని చేతనే వాడింపవలెను. అల్యూమినియం ఫాస్ఫైడు మాత్రలను మనుష్యులు నివసించు ఏ గృహమునందును ఎట్టి కారణముచేతను వాడరాదు.

7. అధికారులు చేయదగిన పనులు

ఒకటి: ఫిర్యాదు పుస్తకమున పురుగు పేరును ఫిర్యాదుదారుని భాషలో, అతడు చెప్పిన మాటలలోనే వ్రాయించి, ప్రక్కన మూడు ప్రశ్నలకు ఉత్తరములు వ్రాయింపవలెను. పురుగునకు రెక్కలున్నవా? అది దీపమువద్ద కనబడెనా, పడకయందా? ఉదయమున ఒంటిమీద దద్దురులు కనబడుచున్నవా? ఈ మూడింటితో పెక్కు సందేహములు తీఱును.

రెండు: మందుచల్లు నౌకరును పంపుటకుముందు ఒక పురుగునైనను అగ్గిపెట్టెలోగాని, సీసాలోగాని తెమ్మని కోరవలెను. కార్యాలయమున పై ఆఱింటి నమూనాలను సీసాలలో భద్రపఱచి గోడన వ్రేలాడు పటముతో నుంచినచో, బంట్రోతు సయితము పోల్చి చూడగలడు.

మూడు: వీధిదీపములను మార్చునప్పుడు, నివాసముల వరుసలలో పసుపు కాంతిగల వానిని, క్రిందికి మాత్రమే వెలుగునట్లు అమర్చు విషయము ఆలోచింపవలెను. స్టేషను, యార్డు దీపములు ప్రాణరక్షణకు సంబంధించినవి. సిగ్నలు దీపముల జోలికి ఎంతమాత్రము పోరాదు.

నాలుగు: ఈ పురుగులు వచ్చు వానాకాలపు తుదిదినములే డెంగ్యూ, మలేరియాలు ప్రబలు దినములు. మందుచల్లు మనుష్యులు కొద్దిమంది. వారి దినములును కొన్నియే. కంపుపురుగులకై వెచ్చించిన ప్రతి ఉదయమును నీళ్ల తొట్లలోని దోమపిల్లలను వెదకవలసిన ఉదయమే. ఇందుకు భిన్నముగ, కిటికీకి వేయించిన ఒక గజము జాలి దోమను, కంపుపురుగును, విషపు పెంకుపురుగును గూడ ఆపును. క్వార్టర్ల మరమ్మతు పట్టికలలో జాలికిని, గాలిరంధ్రములకును మొదటి స్థానమిచ్చుట ప్రజారోగ్య దృష్టిచే యుక్తము.

ఐదు: ఆశ్వయుజ మాసారంభమునకు పూర్వమే, ఆయా క్వార్టర్లలో వాడుకలోనున్న భాషలన్నింటను చిన్న కరపత్రమును పంచవలెను. తెలుగు ప్రతియందు "నల్లి" యని ఒంటిగ వ్రాయక, "మంచపు నల్లి", "కంపునల్లి" యని తప్పక విడదీసి వ్రాయవలెను.

ఖరగ్‌పూర్‌నకు చెప్పిన యీ విషయములు, పైరుపొలముల నడుమ వెలుగుచుండు ఏ జంక్షనునకైనను, ఏ తాలూకా పట్టణమునకైనను వర్తించును. పురుగును చూడకముందే మందును తీయకుండుట వీనియన్నింటికిని మూలసూత్రము.